పగడాలకు నేను ఎంచిన లైటు

నేను చెప్పేది నికార్సయిన నిజం. ఇందుల నూకంత అబద్ధమున్నా రేపటిసంది నా చాయల చక్కెర పడొద్దు.

గా పొద్దు మా అరుగు మీద, తండా నుంచి జొన్నలు అమ్మనొచ్చిన హేమ్లి కూసున్నది. ఫోటో స్టూడియో వెంకట్రాములు మొఖం ఏలాడేసుకొని వచ్చిండు. వాళ్ల బావ బొంబాయి నుంచి అద్దాలపెట్టె, ఉప్పునీళ్లు, అండ్ల పువ్వుల లెక్క విచ్చుకునే పానమున్న పగడాలు తెచ్చిచ్చిండు. పెట్టె పక్కన నిలబడి ఫోటో దిగనీకె బాన్సువాడంతా ఎగబడ్డది. ఇప్పుడేమో పగడాలు పాలిపోతున్నయి. ఐతారం బావ వస్తుండు. అవి సస్తే పెట్టె వాపస్ తీస్కపోతడు.

"బల్బు పెట్టాల్నా, ట్యూబులైటా, అవ్వా? ఏది పెట్టినా విచ్చుతలేవు."

"సరైన మనిషినే అడిగినవ్," అన్న నేను. "పిట్లంల పండరి పటేలు ఇంట్ల గిసొంటి పెట్టెకే లైటు ఎంచింది నేను గాదా? ముందుగాల కందీలు పెట్టిన, పూలు ఆవులించి అటు మల్లి పండుకున్నయి. అరవై వాట్ల బల్బు పెట్టిన, ఒక కన్ను తెరిచినయి. ఇగ పెండ్లి బరాత్‌ల మోసే గ్యాసులైటు కిరాయికి తెచ్చి పెడితే సగం విచ్చినయి గని, గా ఎలుగుకు అవుతల బీర్కూర్ ఊళ్లె కోళ్లు తెల్లారిందని కూసినయి, ఆడోళ్లు నాటేసి నడుము లేపేసరికి వరి కోతకొచ్చె, చెరుకు నిలబడ్డకాడనే బెల్లమాయె."

"కొడవళ్లు తెచ్చుకున్నరా మరి?" అన్నది హేమ్లి.

"టైమేది బిడ్డా, చేతులతోటే తెంపిరి. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? సముద్రం అడుగున అంతా నీలమే గద అని తట్టి, బట్టలకేసే నీలిమందు ట్యూబులైటుకు పూసిన. పూలు విచ్చి, మూత లేపి, కిటికీల నుంచి సడక్ మీదికొచ్చి, ఒక పువ్వైతే బోధన్ బస్సును పొదువుకున్నది. లోపటోళ్లు దిగమంటే దిగరు, సల్లగున్నదని. డ్రైవరు హారన్ కొడితే సిగ్గుపడి ముడుచుకున్నది."

"అవ్వా, నాది ఐతారం ముచ్చట," అన్నడు వెంకట్రాములు.

"ఆగు. తన పిల్లలు పెద్దగైనయని విని బొంబాయి సముద్రమే చూడనీకె బయలెల్లింది. దెగ్లూర్ బస్టాండుల కండక్టరు ఆపి, ఇంత తడి సామాను ఎక్కనియ్య అన్నడు. పాపం, నడుచుకుంటనే వాపస్ పోయింది."

హేమ్లి కొంగుతోటి మూతి తుడుసుకొని నిమ్మళంగ అన్నది: "పటేలింట్ల నేను పని చేసిన అవ్వా. గా పెట్టెల పూలు ప్లాస్టిక్‌వి. నేనే సబ్బు పెట్టి తోమేదాన్ని."

వెంకట్రాములు నా దిక్కు చూసిండు. ఏడుపొక్కటే తక్కువ.

"గదే నేను చెప్పేది," అన్న. "ప్లాస్టిక్ పూలే అంతగనం విచ్చుకుంటే, పానమున్నయి ఊకుంటయా? లే, కరెంటు సామాన్ల దుకాణం మూయకముందే పోయి ఒక తెల్ల ట్యూబులైటు, ఒక నీలిది పట్కరా. రెండు పక్కపక్కన పెడదాం. అట్లనే, హేమ్లి నోరు మూతపడేటంత పెద్ద మిర్చిబజ్జి ఒకటి."