గాడిదల్ని చంపిన చుక్క

కజకుల కొండమీద మేత మైదానం, పొద్దు వాలుతున్న వేళ. గుడారంలో ఒరల్బెక్ పెట్టెలన్నీ తిరగేస్తున్నాడు. భార్య కుల్యాష్ పిండి పిసుకుతోంది. ముద్ద ఎప్పుడో తయారైంది, ఆవిడ మాత్రం పిసుకుతూనే ఉంది.

"మళ్ళీ అడుగుతున్నా. నా దుర్భిణి ఎక్కడ?"

"దాని జోలికి ఈ కొంపలో ఎవరెళ్తారయ్యా? ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నావుగా."

"మరి సంచీ ఖాళీగా ఉందేం?"

"మొన్న చుక్కలు చూస్తూ చూస్తూ గుట్టమీదే వదిలేసుంటావు. టీ తాగు, చల్లారిపోతోంది."

"ఎర్రగుర్రాన్ని అమ్మి కొన్నదాన్ని గుట్టమీద వదిలేస్తానా!"

"పెళ్ళాన్ని వదిలేశావుగా. 'ఒక్క నిమిషం ఉండు, శని ఉంగరం చూపిస్తా' అని చలిలో నిలబెట్టి."

"నవ్వకు. ఇవాళ నాకు నవ్వు రావట్లేదు."

"సరే, కూర్చో. పొద్దున్నించీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు. దుర్భిణి కోసమేనా?"

"దుర్భిణి కోసమే."

"కాదు."

"కుల్యాష్... తుర్సున్ ఇప్పుడెక్కడ ఉంటాడు?"

"మా మరిదా? ఈపాటికి కనుమ కింద దిగి ఉంటాడు, రేపు ఎక్కడానికి. గొర్రెల్ని తోలుకుని, పెళ్ళాన్నీ చంటిదాన్నీ వెంటేసుకుని నిన్ననేగా వెళ్ళాడు. ఏం?"

"వాడికి నేనేం చెప్పి పంపాను?"

"తెలీనట్టు అడుగుతావేం? 'తూర్పున వేగుచుక్క పొడవగానే లే, కనుమ ఎక్కు, పైకి చేరేసరికి ఎండ వస్తుంది' అన్నావు. మీ నాన్న చెప్పిన మాటే, మీ తాత చెప్పిన మాటే."

"అదే చెప్పాను. అదే చెప్పి చచ్చాను!"

"మెల్లగా. ఏమైంది?"

"ఇవాళ గుర్రం కట్టు తెంచుకుపోయిందని చీకటితోనే లేచానా, తూర్పున వేగుచుక్క అప్పుడే పొడుస్తోంది. దానికి ఎంతో పైన ఇంకోటి. అంతే తెల్లగా, మిణుకు లేకుండా..."

"గురుడు."

"గురుడే. గాడిదల్ని చంపిన చుక్క."

"ఊఁ. మా అమ్మమ్మ చెప్పేది. బిడారువాళ్ళు దాన్నే వేగుచుక్క అనుకుని అర్ధరాత్రి బయల్దేరితే, గాడిదలన్నీ మంచులో బిగుసుకుని చచ్చాయట."

"ఈ నెల అదే ముందు పొడుస్తోందే! అర్ధరాత్రికే. తుర్సున్ దాన్ని చూసి లేస్తాడు. కనుమమీద ఆ గాలి, ఆ మంచు... పసిగుడ్డు ఉంది వాళ్ళతో!"

"వాడికేం కాదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. టీ తాగు."

"టీ, టీ! గుట్టెక్కి వాళ్ళ పొగ ఎక్కడ లేస్తోందో చూద్దామంటే ఆ దుర్భిణి కూడా లేదు. ఆ లోయలో ఫోను పలకదు."

"వాడికి మాత్రం తేడా తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? ఎప్పుడైనా చూపించానా? 'అన్నా, ఒక్కసారి చూస్తా' అని చెయ్యి పెడితే..."

"చేతిమీద ఒక్కటిచ్చావు."

"ఇచ్చాను. అద్దం మీద వేలిముద్ర పడుతుందని. సిగ్గుగా ఉందే, కుల్యాష్. వాడు నా తమ్ముడు."

"జీను ఎందుకు తీస్తున్నావు?"

"వెళ్తున్నా."

"చీకట్లో ఆ వాగు దాటతావా? నిరుడు గుర్రం ఎక్కడ జారిందో గుర్తులేదా?"

"గుర్తుంది. తప్పుకో."

"తప్పుకోను."

"నా మాట వల్ల వాళ్ళకేమైనా అయితే నేను బతకలేనే! తప్పుకో!"

"ఆగమంటున్నా! నీ దుర్భిణి ఎక్కడుందో చెప్తా."

"ఇప్పుడా దుర్భిణి ఎవడిక్కావాలి!"

"వాడి దగ్గరుంది. నేనే ఇచ్చాను. నా ఉన్ని శాలువలో చుట్టి, వాడి జీను సంచిలో పెట్టాను."

"నువ్వా? దాన్నా? తుర్సున్‌కా? దాంతో వాడేం చేస్తాడు, గొర్రెల్ని అదిలిస్తాడా?"

"అరిచెయ్, అరిచాక విను. నువ్వు శనిని చూసుకుని పడుకుంటావు. తెల్లారకముందే ఆవుల దగ్గరికి లేచేది నేను. ఆ చుక్కలు రెంటినీ నేను ఎప్పట్నించో చూస్తున్నా."

"దుర్భిణితోనా?"

"దుర్భిణితోనే. నువ్వు గుర్రుపెడుతుంటే."

"మరి నిన్న వాడితో నేను ఆ మాట అంటున్నప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"నీ తమ్ముడి ముందు, నీ చుక్కల గురించి, నీకు నేను తప్పు చెప్పాలా? చెబితే ఊరుకుంటావా? అందుకే పెద్దమనిషివి నువ్వు ముందు నడుస్తుంటే, నేను వెనక ఆగి వాడికి చెప్పాను."

"ఏం చెప్పావు?"

"జీనుమీద ఆన్చి చూడమన్నాను. పొడిచిన చుక్క పక్కన గొర్రెపిల్లల్లా చిన్న చుక్కలు వరసగా ఉంటే అది గురుడు, మళ్ళీ పడుకో. కొడవలిలా కనిపిస్తేనే వేగుచుక్క, అప్పుడు పాపని లేపు అన్నాను."