గుండుసూది ఊపిరి

ఎవరూ, గుండుసూదా? అబ్బో, ఎన్నాళ్ళకి వినపడింది ఆ పేరు ఈ ఇంట్లో! ఎవరు చెప్పారే నీకు, మీ అమ్మేనా? చెప్పే ఉంటుందిలే, చిన్నప్పుడు దాని గౌన్లన్నీ వాడే కుట్టాడు. రా, కూర్చో. ముందా ఫ్యాను తగ్గించు, నా మాట నాకే వినపడదు. నువ్వు కూడా స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని జనాన్ని నవ్విస్తున్నావటగా. మంచిదే. మా రోజుల్లో ఆడపిల్ల గట్టిగా నవ్వితేనే తప్పు, ఇక నవ్వించడం కూడానా! ఏంటీ, మీ జట్టు పిల్లలంతా గుండుసూదిని గురువంటారా? ఎందుకట? అంత వేగంగా మాట్లాడినవాడు ఇంకొకడు పుట్టలేదనా? హహ్హ... ఉండవే, నవ్వనీ, దగ్గొస్తోంది. వేగమట, వేగం! అమ్మాయ్, వాడంత నిదానమైన మనిషి మా వీధి మొత్తంలో లేడు. ఆ వేగం వాడిది కాదు. నాది. నా బ్లేడుది. ఈ మాట ఇదివరకు ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మమ్మకి తప్ప. దానికి చెప్పడమంటే ఊళ్ళో దండోరా వేయించినట్టే, కానీ నా అదృష్టం, అది నమ్మలేదు.

వాడు దర్జీ. నా షాపుకి సరిగ్గా ఎదురుగా వాడి కొట్టు. నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి, క్యాసెట్లు ఎక్కించి అమ్మేవాణ్ణి, సభలకి మైకు సెట్టు పెట్టేవాణ్ణి. వాడు నన్ను రేడియో అని పిలిచేవాడు, నేను వాణ్ణి గుండుసూది అనేవాణ్ణి, అసలు పేర్లు ఇద్దరికీ రేషను కార్డులోనే మిగిలాయి. ఆ పేరెందుకంటే, కొలతలు తీసేటప్పుడూ గుడ్డ పట్టి చూసేటప్పుడూ నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునేవాడు. ఇక మాట్లాడటం ఎలా? ఒక మాట అనేవాడు, సూదులు నోట్లో పెట్టుకునేవాడు, అంతే, గప్‌చుప్. కనుబొమలొక్కటే పైకి లేచేవి. ఎదురుగా మనిషి రెండు చేతులూ చాచి దిష్టిబొమ్మలా నిలబడి ఉంటాడు, కదిలితే గుచ్చుకుంటుంది. వాడన్న మాట ఆ మనిషి తలలోకి మెల్లిగా దిగేది. దిగాక వచ్చేది చూడూ నవ్వు, అది వాడు తెప్పించినట్టుండేది కాదు, ఆ మనిషికి లోపల్నుంచి వచ్చినట్టుండేది. ఒకసారి హెడ్మాస్టరు ప్యాంటు కుట్టించుకోడానికొచ్చి, "కొంచెం వదులుగా పెట్టవోయ్, పెరుగుతానేమో" అన్నాడు. వీడు, "మాస్టారూ, మీ పిల్లలకి కూడా అలాగే చెప్తారా, పాఠం..." అని సూదులు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన అలా నిలబడి, ఆలోచించి, ఆలోచించి, చివరికి ఒంటరిగా నవ్వడం మొదలెట్టాడు. మిగతా సగం ఏమిటో ఈరోజుకీ నాకు తెలీదు. బట్టలు కుట్టించుకునే పని లేకపోయినా జనం వచ్చి వాడి బల్ల మీద కూర్చునేవాళ్ళు, ఊరికే.

ఆ ఊరికే కూర్చునేవాళ్ళే వాణ్ణి మిల్లు క్లబ్బు వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కించారు. పాటలకీ ఉపన్యాసాలకీ మధ్య ఒక మనిషి ఒంటరిగా నిలబడి, వేషం లేకుండా, హార్మోనియం లేకుండా, తన కొట్లో జరిగిన సంగతులు చెప్పి ముప్పావు గంటసేపు జనాన్ని నవ్వించడం అంతకుముందు మేమెవరమూ చూడలేదు. సూదులు లేకుండా చెప్పలేనని వాడి భయం. పాపం, మాట మాటకీ నాలుగు సూదులు నోట్లో పెట్టుకుంటూ తీస్తూనే చెప్పాడు. నేను రీలు టేపు మీద మొత్తం ఎక్కించాను. ఇంటికొచ్చి చూస్తే నలభై ఏడు నిమిషాలుంది. క్యాసెట్లో ఒక పక్కకి పట్టేది ముప్ఫై. రెండో పక్కకి అప్పటికే పాటలు ఎక్కించేశాను. ఏం చేయాలి? విన్నాను. మాట, తర్వాత ఖాళీ. మాట, ఖాళీ. అప్పుడు నాకొచ్చిందమ్మా మహా తెలివి! ఖాళీలో ఏముంది, ఎవడో దగ్గుతున్నాడు, కుర్చీ కిర్రుమంటోంది, దీనికి టేపు దండగ కదా. రెండ్రోజులు కూర్చుని బ్లేడు పెట్టి ప్రతి ఖాళీనీ కోసేసి, మాటకి మాట అతికించాను. పదిహేడు నిమిషాల మనిషిని చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో పోశాను. వింటే నాకే ముచ్చటేసింది. టకటకటకటక, కుట్టుమిషనుకి మోటారు పెట్టినట్టు! మీ అమ్మమ్మ విని, "ఈయనేంటండీ, వెనకాల ఎవరో తరుముతున్నట్టు మాట్లాడుతున్నాడు" అంది. "నీకు కళ తెలీదు, లోపలికెళ్ళు" అన్నాను. ఆడవాళ్ళ మాట వినకపోవడమే ఆ రోజుల్లో మా చదువు.

ఇక చూడు, అది అంటుకుంది. క్షౌరశాలలో అదే, లారీలో అదే, కాఫీ హోటల్లో అదే. కుర్రాళ్ళంతా దాన్ని బట్టీపట్టి అదే వేగంతో మాట్లాడటం మొదలెట్టారు. బస్సు కండక్టరు అదే వేగం, వేలంపాటవాడు అదే వేగం, ఎన్నికల జీపులో మైకు అదే వేగం. వాగ్దానాలకి ఆ వేగం భలే నప్పిందిలే, జనానికి ఆలోచించే సందుండదు కదా. మా పక్కింటి కుర్రాడు ఒక పిల్లకి ప్రేమ సంగతి అదే వేగంతో చెప్తే, ఆ పిల్ల, "ఏమన్నారండీ?" అందట. వాడికి రెండోసారి చెప్పే ధైర్యం లేక వేరే సంబంధం చేసుకున్నాడు. సరే, ఎక్కడున్నాను? ఆఁ. పక్కూరివాళ్ళు గుండుసూదిని పిలిచారు. సాయంత్రం సభ, హాలు కిక్కిరిసింది. వీడు స్టేజీ ఎక్కి తన పద్ధతిలో ఒక మాట అని ఆగాడు. జనం చూశారు. వీడూ చూశాడు. వెనకనుంచి ఒకడు, "ఏమయ్యా, మర్చిపోయావా?" ఇంకొకడు, "క్యాసెట్లో ఉన్నట్టు చెప్పవయ్యా!" ఇంకొకడు లేచి, "ఒరే, వీడు అసలువాడు కాదురా, నకిలీగాడు, దింపండి!" నేను మైకు దగ్గరే ఉన్నాను. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వాణ్ణి దింపేసి, ఆ ఊరి బడిపంతులు ఒకాయన క్యాసెట్ని గడగడా అప్పజెప్తే చప్పట్లు కొట్టారే! వాడి మాటలకి, వాడి ఎదురుగా, ఇంకొకడికి!

మర్నాడు నా షాపుకొచ్చాడు. వాడింట్లో టేపు రికార్డరు లేదు, తన క్యాసెట్ తనే వినలేదు అప్పటికి. "పెట్టరా రేడియో" అన్నాడు. ముప్ఫై నిమిషాలూ తల దించుకుని విన్నాడు. తిడతాడనుకున్నాను, నాలుగు తన్నినా పడదామనుకున్నాను. విని, "ఇందులో నేను ఊపిరెక్కడ తీసుకున్నానురా?" అన్నాడు. అంతే. తర్వాత, "ఒరే, నవ్వు నేను తెప్పించేది కాదురా. మాట అనేసి నేను దారికి అడ్డం తప్పుకుంటాను, వాళ్ళదేదో వాళ్ళకి గుర్తొచ్చి నవ్వుకుంటారు. నువ్వు వాళ్ళకి గుర్తొచ్చే సందు లేకుండా చేశావు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం! ఊళ్ళకి ఊళ్ళు ఆ వేగాన్నే అడుగుతున్నాయి. వాడు సూదులు పక్కన పెట్టి, అద్దం ముందు నిలబడి నా బ్లేడులాగా మాట్లాడటం నేర్చుకున్నాడు. నెల పట్టింది. రెండో క్యాసెట్లో నేనసలు ఒక్క చోట కూడా కొయ్యలేదు తెలుసా, వాడే తనని తాను కోసుకుంటూ పోయాడు. మీ గురువుగారి గొప్పదనమని మీరనేది ఆ క్యాసెట్టే. బ్రహ్మాండంగా పోయింది. నేను సిగ్గులేకుండా, "ఈ బాణీ నాదేనండోయ్" అని లోలోపల అనుకుంటూ షాపులో మీసం దువ్వేవాణ్ణి. వాడు మాత్రం కొట్లో చొక్కా బొత్తాలకి కాజాలు కుట్టేటప్పుడు కూడా కాజా కాజాకీ మధ్య గసపోసేవాడు. వాళ్ళావిడ వచ్చి, "అన్నయ్యగారూ, ఈయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడుతున్నారు, ఏం కూరో చెప్పేలోపు బాగుందనేస్తున్నారు" అని గోల. ఏడాది గడిచాక ఒకరోజు వచ్చి, "రేడియో, నా ఆగడం నాకు కావాలిరా. జనం రాళ్ళేసినా సరే, ఒక్కసారి నా పద్ధతిలో చెప్పి పోతాను. నీ బ్లేడిలా ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

అదే మూడో క్యాసెట్. మళ్ళీ ఆ మిల్లు క్లబ్బే. ముందు వరసలో సోఫాలో మిల్లు ఓనరు. ఆయన పొట్ట సంగతి చెప్పాలి నీకు, మనిషి కారు దిగడానికి ముందు అది దిగేది. ఆ ఏడాదే మిల్లు కార్మికులు జీతాలు పెంచమని ఊరేగింపు తీశారు. వేల గొంతులు "నశించాలి, నశించాలి" అని అరిస్తే ఆయన కారు అద్దం ఎక్కించుకుని చల్లగా పోయాడు. సరే, గుండుసూది మొదలెట్టాడు. "మొన్నొక పెద్దమనిషి కోటు కుట్టించుకోడానికొచ్చాడండీ. టేపు నడుం చుట్టూ తిప్పానో లేదో, గుక్కబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. 'అయ్యా, ఊపిరి వదలండి, కొలత తీసుకోవాలి' అన్నాను." అని, టేపు రెండు చేతులా పట్టుకుని, సూదులు నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడంటే నిలబడ్డాడే! నాకు చెమటలు. జనం చూస్తున్నారు. ఎవరో "మర్చిపోయాడ్రా" అన్నారు. మెల్లిగా అందరి కళ్ళూ సోఫా వైపు తిరిగాయి. అమ్మాయ్, నా కళ్ళతో నేను చూశాను, ఆ ఓనరు నిజంగానే పొట్ట లోపలికి లాక్కుని కూర్చున్నాడు! వదిలితే ఆ పెద్దమనిషి తనేనని ఒప్పుకున్నట్టు, వదలకపోతే చావాలి. దారం చుట్టే విభాగంలో పనిచేసే ముసలావిడ ఒకతె వెనకాల్నుంచి కిసుక్కుమంది. తర్వాత ఇంకొకరు. హాలంతా పొట్టలు పట్టుకుంటున్నారు, వాడు ఒక్క మాట అనలేదు. నిమిషం మీద పది సెకన్లు! అప్పుడు సూదులు తీసి, "పర్లేదండీ, నాకు తొందరేం లేదు" అన్నాడు. ఊరేగింపుకి చెమర్చని మనిషికి ఒక దర్జీ నోరు మూసుకుంటే ముచ్చెమటలు పోశాయి.

మర్నాడు పొద్దున్నే మిల్లు మేనేజరు నా షాపులో. "అక్కడ కొంచెం కత్తిరించండి." "ఎక్కడండీ?" "ఆ... ఊపిరి వదలండి అన్న తర్వాత." "ఆ తర్వాత ఏమన్నాడండీ?" "ఏమీ అనలేదు." "మరి ఏం కత్తిరించమంటారు?" పాపం, మేనేజరు నోరు తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. చివరికి, "చూడవయ్యా, క్లబ్బులో మైకు సెట్టు పని పదకొండేళ్ళుగా నీదే" అన్నాడు. ఆ మాట నాకు అర్థమైంది. ఖాళీలు కోసిపారేయడంలో నన్ను మించినవాడు లేడు కదా, రెండు నిమిషాల పని. ఎదురుగా వాడు కొట్లో గుడ్డ పరుచుకుని, నా వైపు చూడకుండా చూస్తున్నాడు. "బ్లేడు దర్జీ దగ్గరుందండీ" అన్నాను. మైకు పని పోయింది. పోతే పోయింది, మీ అమ్మమ్మ నెలరోజులు మాట్లాడలేదు, అదీ ఒక లాభమే. క్యాసెట్ విడుదలయ్యాక రోజూ గొడవ. "మధ్యలో టేపు పాడైందండీ, మార్చివ్వండి" అని వచ్చేవాళ్ళు. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి, "నోరు మూసుకుని విను" అని పెట్టేవాణ్ణి. సగం మంది నవ్వుకుంటూ పట్టుకెళ్ళారు. సగం మంది తిట్టుకుంటూ రెండో క్యాసెట్ కొనుక్కెళ్ళారు. మూడోది ఎక్కువ పోలేదమ్మా. ఆ తర్వాత నాలుగేళ్ళకి వాడూ పోయాడు, ఆసుపత్రి మంచం మీద, అందరిలాగే.

ఏంటీ? మూడోది నీ ఫోన్లో ఉందా? ఎవరెక్కించారో మహానుభావుడు! విన్నావా? మరి ఇంతసేపూ చెప్పవేం? ...ఖాళీ లేదా? లేకపోవడమేంటే, నిమిషం మీద పది సెకన్లు, నేనే ఎక్కించాను. ఏదీ, ఇలా తే. "...కొలత తీసుకోవాలి అన్నాను. పర్లేదండీ, నాకు తొందరేం లేదు." అరె! ఎవడ్రా కోసింది? ఎవడూ కొయ్యలేదా? ఫోనే కోస్తుందా, తనంతట తనే? మాట లేని చోటల్లా? ఆ మీటేదో నువ్వే నొక్కి పెట్టుకున్నావా, టైము కలిసొస్తుందనా? ఓసి నీ... మేనేజరు ఇవాళ బతికుంటే నీకు ఉద్యోగమిచ్చేవాడే! తియ్, ముందా మీట తియ్యి. తీశావా? మళ్ళీ పెట్టు. గట్టిగా పెట్టు. ఇదిగో, కోటు... నడుం చుట్టూ... ఊపిరి వదలండి... ఇప్పుడు. నోరు మూసుకో. ఊఁహూఁ, ఫోను ముట్టుకోకు, పాడవలేదు. నన్నేం చూస్తావే, నేనూ దర్జీ దగ్గర నిలబడ్డవాణ్ణే, నాకూ ఉంది పొట్ట. ష్‌...

ఎందుకే నవ్వుతున్నావు? వాడింకా ఏమీ అనలేదుగా.