రాకెట్టుకి లెక్క సరిచేసిన ఎసెన్‌కుల్

"'లెక్కలు చదివితే బడిపంతులు తప్ప ఇంకేమవుద్ది?' అంటావా జపర్? ఆ మాట ఇంకెక్కడన్నా అనుకో, నా ముందు అనమాక. యూనివర్సిటీలో లెక్కలు చదివినోణ్ణి నేను!"

"ఒక్క ఏడాది," అన్నాడు జపర్.

కొండల మధ్య ఊరు నారిన్, బస్టాండు పక్కన టీ కొట్టు. జపర్ గొర్రెలు కాస్తాడు. పక్కనున్నది కూతురు బురుల్, రాజధాని బిష్కెక్‌లో లెక్కల డిగ్రీ మూడో ఏడు. సెలవులు అయిపోయాయి, తిరిగెళ్తానని ఆ పిల్ల, చదివింది చాలని తండ్రి. జపర్‌ని గదమాయించిన ఎసెన్‌కుల్ బిష్కెక్ వ్యాన్ డ్రైవరు. బండిలో ఒక్క సీటే మిగిలింది, అది నిండేదాకా కోతలే.

"ఒక్క ఏడాదికే నేనంత చేశా, నీ కూతురిది మూడో ఏడు, ఆలోచించు! ఆ ఏడే మా మేనమామ కొడుకు పెళ్ళి. విందులో గొర్రెని కోశాక, పెద్దరికాన్ని బట్టి ఎవరికి ఏ ఎముక పెట్టాలో తేలక పెద్దోళ్ళు కొట్టుకునేలా ఉన్నారు. నేనో బొగ్గుముక్క తీసుకుని తలుపు మీద ఒక సమీకరణం రాశా. అంతే! ముసలాయనకి తుంటి, అల్లుడికి రొమ్ము, ఒక్కడు గొణిగితే ఒట్టు."

"ఆ పెళ్ళికి నేనూ వచ్చాగా అన్నా," అంది టీ పోస్తున్న తుర్సున్. "తలుపే విరగ్గొట్టారు."

"నా సమీకరణం ఇంటికి పట్టుకెళ్దామని విరగ్గొట్టారమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ విందులో ఒక డ్యామ్ ఇంజనీరున్నాడు. నన్ను ఎత్తుకెళ్ళినట్టు నది దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళు ఆగట్లా, గోడ నిలబట్లా. నేను నది వంక ఒక్కసారి చూసి 'రెండుతో భాగించండి' అన్నా. సగం నది ఇటు, సగం అటు. చేపలు కూడా సమానంగా విడిపోయాయి. ఒకటి శేషం మిగిలితే నేనే వేయించుకు తిన్నా."

"ముల్లు గొంతులో ఇరుక్కున్నా బాగుండేది," అన్నాడు జపర్.

"విను ముందు! ఆ కబురు కజక్కుల గడ్డ మీద రాకెట్లు ఎగరేసేవాళ్ళకి చేరింది. హెలికాప్టర్ పంపారు, టోపీతో అలాగే ఎక్కేశా. వెళ్ళి చూద్దును కదా, జనరళ్ళందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు, లెక్క కుదరట్లా. సుద్దముక్క అయిపోయింది. నా జేబులో పిల్లలాడుకునే గొర్రెకాలి ఎముకలుంటే నేల మీద పరిచి చూశా. తప్పు రాకెట్టుది కాదయ్యా, చందమామది! కాస్త పక్కకుంది. చందమామని కదపాలంటే అక్కడిదాకా ఎవడెళ్తాడు? అందుకని భూమినే ఇంత, ఇదిగో ఇంతే, జరిపించా. అప్పట్నుంచే మన నారిన్‌లో చలికాలం ఇంత పొడుగు."

"ఆ పాపం నీదా!" అని తుర్సున్ గరిటె ఎత్తింది.

అందరూ నవ్వారు గానీ జపర్ నవ్వలేదు. చిన్నప్పుడు కొండ మీద వెల్లకిలా పడుకుని, రాకెట్లు పైకి వదిలిన, ఆకాశంలో నడిచే చుక్కల్ని చూసినోడు.

"భూమి సంగతేమో గానీ, రాకెట్టుకి లెక్కలోళ్ళు కావాల్సిందే," అన్నాడు. "అమ్మాయీ, నిన్నూ అక్కడ తీసుకుంటారా?"

"తీసుకుంటారా ఏంటి! నా పేరు చెప్తే చాలు..."

"నీ పేరు చెప్తే నీ వ్యాన్లోనే ముందు సీటివ్వరు బాబాయ్," అంది బురుల్. "రాకెట్లు కాదు నాన్నా. పశువుల బీమా కంపెనీవాళ్ళు పిలిచారు. డిగ్రీ అవగానే ఉద్యోగం. వచ్చే చలికాలం ఏ లోయలో ఎన్ని గొర్రెలు చస్తాయో ముందే లెక్కగట్టాలి. దాన్ని బట్టి కాపరికి ఎంత..."

"తూ తూ!" జపర్ టీ గిన్నె కింద పెట్టేశాడు. "నిక్షేపంలా మేస్తున్న మంద మీద చావు లెక్కా? మా తాతల నాటి నుంచీ ఆ మాట ఎవడూ నోటితో అన్లేదు!"

ఎసెన్‌కుల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఏం కోత కోశావమ్మా! ఇన్నేళ్ళలో నాకే తట్టలా."

"కోత కాదు బాబాయ్. నిజం."

"ఛఛ, పిల్ల సరదాకంది జపర్. రాకెట్లే!" అన్నాడు ఎసెన్‌కుల్, బురుల్‌కి కన్నుగీటుతూ.

జపర్ కూతురి మొహంలోకి చూశాడు. "రాకెట్టైతే బండెక్కు. చావుల లెక్కైతే నాతో కొండకి నడు. ఏదో ఒకటి చెప్పు."

బయట వ్యాన్లో జనం హారన్ మోగిస్తున్నారు. మీరే ఆ పిల్ల చోట ఉంటే చెప్పండి, నిజం మీద నిలబడి కొండకి నడుస్తారా, రాకెట్టు పేరు చెప్పి ఆ సీట్లో కూర్చుంటారా?