గోల్‌పోస్టు ముందు మట్టి

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసింది. ముసురులో గోల్‌పోస్టు ముందు పచ్చిక సరిచేస్తున్న ముసలాయన దగ్గరికి, పెద్ద క్లబ్బులు కన్నేసిన పద్దెనిమిదేళ్ల స్ట్రైకర్ వచ్చాడు.

"ఏరా, ఈ సీజన్‌లో కొట్టిన ఏడు గోల్సూ ఈ వైపేనా? ఆ వైపు పోస్టు నీకేం పాపం చేసింది?"

"మా నాన్న ఇక్కడున్నాడు కదా బాబాయ్. ఆయన బూడిద చల్లడానికి చోటు చూపించింది నువ్వేగా."

ముసలాయన పార పక్కన పెట్టాడు. ఇక దాచలేననిపించింది.

"ఇక్కడ లేడురా. మొన్న వేసవిలో పచ్చిక కొత్తగా పరిచినప్పుడు పాత మట్టంతా లారీలో పోయింది. నాకు గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

కుర్రాడు ఖాళీ స్టాండు వైపు చూశాడు.

"అమ్మ ప్రతి మ్యాచ్‌కీ ఈ పోస్టు వెనకే కూర్చుని ఆయనతో మాట్లాడుతుంది బాబాయ్. ఈ సీజన్ మొదలైనప్పటినుంచీ నాన్న పలకట్లేదని ఏడుస్తోంది. నీకేమైనా పిచ్చా అని నేనే కసిరాను."