పేండువా పొద్దు గుంకించిన వైనం

"నేనేదో గొప్పోణ్ణని చెప్పుకోవడం కాదు గానీ," అని మొదలుపెట్టాడు పేండువా. అలా మొదలుపెట్టాడంటే ఇక ఆగడని మేనత్త తామెకెత్‌కి తెలుసు.

సెలవు రోజు సాయంత్రం. రాజుగారి సమాధి తొలిచే పనివాళ్లు కొండ దిగి వచ్చి, ఆమె గడప ముందు బార్లీ కల్లు ముంతలతో చేరారు. పేండువా సమాధి గోడల మీద బొమ్మలు గీస్తాడు. ఎదురింటి గుమ్మంలో ఇటు వీపు పెట్టి కూర్చున్న అతని అన్న కాసాదీ అదే పని. కాసా గీసిన దేవుడి బొమ్మను తనదేనని పేండువా మేస్త్రీ ముందు కోతలు కోసిన నాటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. రేపు కొండెక్కగానే కాసా తామిద్దరూ పనిచేసే ఎడమ గోడ ముఠా వదిలి కుడి గోడ ముఠాకి మారిపోతాడట. అప్పుడిక ఇద్దరూ ఒకే గోడ ముందు నిలబడేది ఉండదు. తామెకెత్ దిగులంతా అదే.

"హోతెప్ అని మనం రోజూ అనే మాటే కదా," అన్నాడు పేండువా.

నిజమే. చల్లగా వెళ్లిరమ్మనాలన్నా ఆ మాటే. దేవుడి ముందు పెట్టే నైవేద్యానికీ అదే. కోపగించిన దేవత శాంతించిందనాలన్నా, పొద్దు పడమట వాలిందనాలన్నా అదే. ఇన్ని పనులకొచ్చే మాటకి పేండువా ఇంకొన్ని పనులు కనిపెట్టాడు.

"నీళ్లు మోసే గాడిద మొరాయించింది. చెవిలో హోతెప్ అన్నా. చక్కా నడిచింది."

"గాడిదంటే సరేలే," అన్నాడు గోడలకు సున్నం పూసే నఖీ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవలో ఏరు దాటుతుంటే మొసలి నోరు తెరిచింది, నేను హోతెప్ అన్నా, అది నోరు మూసుకుని, సిగ్గుపడి, తోకతో పడవని అవతలి గట్టుకి నెట్టింది, దిగేటప్పుడు జాగ్రత్త అన్నట్టు ఒక చూపు కూడా చూసింది. ఆ ఏడే వరదొచ్చి గట్లు తెగబోతే, ఏటికి ఎదురెళ్లి అదే మాటన్నానా, నీళ్లు వెనక్కి తగ్గాయి. ఊరికే తగ్గాయా? చేపల్ని పెద్దవి ఒక బుట్టలో, చిన్నవి ఒక బుట్టలో సర్దిపెట్టి మరీ తగ్గాయి."

"బుట్టలెవరివి?" అంది తామెకెత్.

"ఏటివే అత్తా. మధ్యలో అడ్డురాకు."

అతని గొంతు అంతకంతకూ పెరుగుతోంది. పక్కనే ఉన్న నఖీ కోసం అంత గట్టిగా మాట్లాడక్కర్లేదు. చూపు కూడా ఎదురు గుమ్మం మీదే ఉంది. తామెకెత్ అది కనిపెట్టింది.

"ఇక అసలుది వినండి. మిట్టమధ్యాహ్నం, కొండలో పని. ఒళ్లు హూనమైపోయింది. సూర్యుణ్ణి పిలిచి, స్వామీ, హోతెప్ అన్నా. అంతే, పొద్దు గుంకింది. కారుచీకటి. మేస్త్రీ అందర్నీ ఇళ్లకి పొమ్మన్నాడు."

"మరి ఊళ్లో ఎవరికీ చీకటి పడలేదేం?" అన్నాడు నఖీ.

"మధ్యాహ్నం కదా, అందరూ కునుకు తీస్తున్నారు."

అప్పుడు ఎదురు గుమ్మంలోంచి, వీపు తిప్పకుండానే, ఒక గొంతు వచ్చింది.

"కొండ కడుపులో సూర్యుడెక్కణ్ణుంచి వచ్చాడ్రా? ఆరింది దీపం. పొగ రాకుండా వత్తికి ఉప్పు పట్టించాలి, అది మరిచిపోయి వెలిగించావు. పొగ కమ్మి చచ్చింది. నా నడుంగుడ్డ పట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చావు."

నఖీ పొలమారి కల్లు కక్కేశాడు. అందరూ పడీపడీ నవ్వారు. పేండువా ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఏడవలేదు. పొగకి నీళ్లొచ్చాయి."

"ఏడ్చావు." కాసా ఇటు తిరిగాడు. "వత్తి చేసుకోవడం కూడా రాదు నీకు. నేను అటు ముఠాకి పోతే ఏ చీకట్లో గీస్తావు?"



తామెకెత్ ఇంకో ముంత నింపింది. కాసా సందు దాటి వచ్చి అందుకున్నాడు. తమ్ముడి పక్కన చోటు చూసి, "జరుగు," అన్నాడు.

పేండువా జరిగాడు.