రెండో బెల్టు విప్పిన సంగతి

నా పేరు చెన్నబసప్ప. మా నాయన పేరు శరణప్ప. వయసు డెబ్బై ఒకటి. సొంత ఊరు న్యాల్‌కల్ మండలంలో ఉంది. ఇప్పుడు చిరాగ్‌పల్లి దగ్గర, హైవే పక్కన ప్లాట్లు వేసిన వెంచరుకు కాపలా ఉంటున్నాను. నేనూ నా భార్య బసమ్మా గేటు పక్క గదిలోనే ఉంటాం. నాలుగో తరగతి చదివాను. సంతకం వచ్చు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. స్టేషన్‌లో నా మాట రాసుకుంటున్న త్రివేణి మేడం ఇప్పటికే రెండుసార్లు "పెద్దాయనా, జర గట్టిగ చెప్పు, ఫ్యాన్ సప్పుడుల ఇనవడ్తలేదు" అన్నారు. చెబుతున్నాను.

వెంచరులో ఇళ్ళు ఇంకా లేవలేదు. రోడ్డు మాత్రం వేశారు. గేటు నుంచి చివరి దాకా వంపు లేకుండా పోతుంది. రోడ్డు అయిపోయిన చోట చెరుకు తోట ఉంది. ఆ రోడ్డు మీద ప్రణయ్, శివరాజ్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు ఆదివారం పొద్దున కార్లు పరుగు పెట్టి చూసుకుంటారు. హైదరాబాద్‌లో జరిగే కార్ల పోటీకి పోవాలని వాళ్ళ కోరిక. ప్రణయ్ తండ్రి మదన్‌మోహన్ పటేల్‌కు వెంచరులో వాటా ఉంది. అందుకని గేటు తీయమంటే తీస్తాను. నేను రోడ్డు చివర నిలబడి, ఎవరి బండి ముందొస్తే ఆ పక్క చేయి ఎత్తుతాను. నా మాట మీద ఇద్దరికీ తకరారు లేదు.

గేటు ఎదురుగా హారూన్ రిపేరు షెడ్డు ఉంది. రెండు కార్లూ అతనే చూస్తాడు. ప్రణయ్‌ది డీజిల్ కారు, శివరాజ్‌ది పెట్రోలు కారు.

శనివారం మధ్యాహ్నం నేను బిందె పట్టుకుని షెడ్డులో నీళ్ళకు పోయాను. ప్రణయ్ అక్కడ ఉన్నాడు. "ఇంజను దమ్మంత ఏసీ తిప్పనీకె, డైనమో తిప్పనీకె పోతున్నది. బెల్టులు పీకేద్దాం హారూన్ భాయ్" అన్నాడు.

హారూన్ నవ్వాడు. "ఎనక సీట్లు పీకినవ్, స్టెప్నీ పీకినవ్. రేపు ఇంజను గూడ పీకి ఎడ్లను కడ్తవా?" అన్నాడు.

అయినా ఏసీ బెల్టు తీసి పక్కన పెట్టాడు. ప్రణయ్ రెండో బెల్టు మీద చేయి వేశాడు. హారూన్ ఆ చేయి పట్టుకుని తీసేశాడు. "దాన్ని ముట్టకు. నేను షగుఫ్తాను బీదర్ల అత్తగారింట్ల దించి రావాలె. సోమవారం కూసోని చూద్దాం" అన్నాడు. షగుఫ్తా అతని చెల్లెలు. ఎందుకు ముట్టవద్దో చెప్పలేదు, తొందరలో ఉన్నాడు. కానీ ముట్టకు అన్నాడు. అది నా చెవులతో విన్నాను. ముట్టకు అన్నాడు.

ఆదివారం పొద్దున శివరాజ్ కంటే ముందు ప్రణయ్ వచ్చాడు. షెడ్డు మూసి ఉంది. గేటు దగ్గరే బానెట్ ఎత్తి, పానా పెట్టి ఆ రెండో బెల్టు తానే విప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"ఇది దేనిది బిడ్డా?" అని అడిగాను.

"డైనమోది తాతా. బ్యాటరీ నిండ ఉన్నది, గీ ఇంత దూరానికి మళ్ళ కరెంటెందుకు? ఫోన్ల వీడియోలు చూసిన, అందరు గిట్లనే తీస్తున్నరు" అన్నాడు. బెల్టు నా చేతిలో పెట్టాడు. "మీ రూంల పెట్టు తాతా. హారూన్ భాయ్ చూస్తే మా అమ్మ లెక్క తిడ్తడు."

బసమ్మ దాన్ని తలుపు వెనక మేకుకు తగిలించింది.

బండి స్టార్టు అయింది. లోపల ఎర్ర లైటు వెలిగి అట్లనే ఉంది. శివరాజ్ వచ్చాక ప్రణయ్ బండిని కొంచెం ముందుకు తెచ్చి ఆపాడు, మళ్ళీ తెచ్చి ఆపాడు. రెండుసార్లూ బ్రేకు పడింది. నేను నడిచి రోడ్డు చివరికి పోయాను.

ప్రణయ్ బండి ముందొచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాకూ సంతోషమై ఆ పక్క చేయి ఎత్తాను. శివరాజ్ బండి ఆగింది. ప్రణయ్ బండి ఆగలేదు. అద్దంలోంచి పిల్లగాడు కనబడ్డాడు. వీపు సీటుకు ఆనించి, రెండు కాళ్ళతో బ్రేకు తొక్కుతున్నాడు. బండి నా పక్క నుంచి పోయి చెరుకులో పడింది. చెరుకు పటపట విరిగింది. తర్వాత ఏ సప్పుడూ లేదు.

నేను ఉరికాను. ఒక చెప్పు ఊడిపోయింది. చెరుకు అడ్డం తీసి చూస్తే పిల్లగాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. భుజం కింద ఎముక లేచింది. నన్ను చూసి "తాతా, ముందు నేనేనా?" అన్నాడు.

నువ్వే బిడ్డా అన్నాను. నాకు ఏడుపు వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. శివరాజ్ అతన్ని తన కారులో దవాఖానకు తీసుకుపోయాడు.

సాయంత్రం పోలీసులూ మదన్‌మోహన్ పటేల్‌ గారూ బండి చూడటానికి వచ్చారు. జనం చాలామంది వచ్చారు. హారూన్ అప్పుడే బీదర్ నుంచి వచ్చి మోటారుసైకిల్ దిగాడు. బానెట్ ఎత్తి చూసి తల పట్టుకున్నాడు.

"యా అల్లా, రెండో బెల్టు ఎవరు తీసిన్రు? పెట్రోలు బండైతె ఇంజనే గాలి గుంజి బ్రేకును మెత్తగ చేస్తది. ఈ డీజిల్ బండికి ఆ గాలి గుంజే పంపు డైనమో ఎనకనే ఉంటది. బెల్టు తిరుగకుంటె రెండుసార్లు పడ్తది, మూడోసారి బ్రేకు రాయి లెక్క అయితది" అన్నాడు.

పటేల్ గారు అతని కాలరు పట్టుకున్నారు. "ఇంత తెలిసినోనివి నువ్వు గాక ఇంకెవడు తీస్తడు? శివరాజ్ నీ దోస్తని నా కొడుకు పానం తీయ చూసినవ్" అన్నారు.

"ఏసీ బెల్టు తప్ప ఏది ముట్టలే పటేల్ సాబ్" అన్నాడు హారూన్.

నేను "పటేలా, ఆ బెల్టు..." అన్నాను. ఆయన "నువ్వు పోయి గేటు కాడ నిలబడు" అన్నారు. అంతమందిలో మళ్ళీ నోరు తెరవడానికి సిగ్గుపడి, పోయి గేటు కాడ నిలబడ్డాను. హారూన్‌ను జీపు ఎక్కించారు.

రాత్రి బసమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఆ హారూన్ తల్లి కులసుం రేపు నా మొకం చూస్తే నేనేం చెప్పాలె? నా మొగనికి సిగ్గయితది అని చెప్పనా?" అంది. నేను అన్నం తినలేదు.

ఈ రోజు సోమవారం పొద్దున ఇద్దరం బయలుదేరాం. బెల్టు కవరులో పెట్టుకున్నాం. ముందు దవాఖానకు పోయాం. ప్రణయ్ మాట్లాడుతున్నాడు. "బెల్టు నేనే తీసిన అని నాయినకు చెప్పిన తాతా. సూది మత్తుల ఉన్నవు, పండుకో అంటుండు" అన్నాడు. పిల్లగాడు చాయ్ తాగుతున్నాడు. ఆ చాయ్ గ్లాసు చూశాక నా గుండె నిమ్మళమైంది. అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కు వచ్చాం.

బెల్టు ఎస్సై గారి బల్ల మీద పెట్టాను. పటేల్ గారిని పిలిపించారు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "నిన్ననే ఎందుకు చెప్పలే?" అన్నారు నన్ను. గేటు కాడ నిలబడమన్నరు పటేలా, నిలబడ్డ అన్నాను. ఆయన బెల్టును మళ్ళీ బల్ల మీద పెట్టారు. తర్వాత "పోరన్ని ఇడిచిపెట్టున్రి" అని ఎస్సై గారితో అన్నారు.

ప్రణయ్ రెండో బెల్టు విప్పగా నేను చూశాను. హారూన్ అప్పుడు అక్కడ లేడు. విప్పవద్దని చెప్పినవాడే హారూన్. బలవంతం మీదనో, ఎవరో నేర్పితేనో చెప్పడం లేదు. త్రివేణి మేడం మొత్తం చదివి వినిపించారు. నేను చూడనిది ఇందులో లేదు, చూసింది ఏదీ మిగలలేదు.

నా సంతకం పడితే హారూన్‌ను పంపిస్తామని ఎస్సై గారు అన్నారు. కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చాను. పోయి తెచ్చుకో, తొందర లేదు అన్నారు. వద్దన్నాను. కులసుం పొద్దటి నుంచి బయట వరండాలో నిలబడే ఉంది. ఎక్కడ పెట్టాలో మేడం వేలుతో చూపించారు, అక్కడ పెడుతున్నాను.

(సంతకం)
చెన్నబసప్ప
జహీరాబాద్