అంబలి తిండి కాదు

ఆ సంచి నీ ఎనక్కి పెట్టీసుకో, బేబీ. బాటిల్ కనిపిస్తే నీ కూతురు గుంట ఊరుకోదు. ఆపరేషనయ్యేక పట్టాలని సోడిపిండి అంబలి మూత దాకా నానే పోసినాను, ఇప్పుడు మాత్రం సుక్క కూడా వొద్దు. సిన్నపిల్లలికి మొత్తం మత్తే ఇత్తారట. ఏడిస్తే ఏడవనీ, పుట్టినకాణ్ణించీ కంట్లో ఉన్న పొర ఇయ్యాల్టితో పోతాది కదా. మీ అమ్మమ్మ కూడా ఇలగే బెంచీ మీద కాలు ముడుసుకుని కూకునేది. నువ్వు సూళ్ళేదు దాన్ని. మీ యమ్మ పాలు మానిన యేడే పోయింది నా ముత్యాలు. నడక నీకొచ్చింది గాని దాని నోరు రాలేదు. సంతలో సింతపండు కొనీ సావుకారు, ‘ముత్యాలమ్మ గంప కాటా మీద పెట్టక్కర్లేదురా, అది సెప్పిందే తూకం’ అనీవోడు. అబద్దమాడ్డం రాదు దానికి. నాకొచ్చు. సరే, ఏటి సెప్తన్నాను?

ఆఁ, సింతసెట్టు. దులుపుతుంటే పుల్ల విరిగి సరీగ్గా దాని కంటి నల్లగుడ్డు మీద పడ్డాది. గుడ్డు సీరిపోయింది. అప్పుడు బస్సెక్కడిది? డోలీ కట్టి మోసినాం. దారిలో ‘గొంతెండిపోతంది’ అన్నాది. ఆనపకాయ బుర్రలో అంబలుంటే రెండు డొప్పలు నానే పట్టినాను, ఈ సేత్తోనే. ఆసుపత్రిలో నర్సమ్మ బేగి బేగి అడిగీసింది, ‘ఏమైనా తిన్నావా?’ అని. ‘తిన్లేదమ్మా’ అన్నాది. నన్నడిగితే నానూ అదే అన్నాను. మరి మన కాడ అంబలి ఎవులైనా తింటారేటే? తాగుతారు. తిండంటే బువ్వ. సీరిన కన్నుకి పక్కన సూది పొడవకూడదట, మనిషికే మత్తిచ్చీసినారు. ఆ మత్తులో కడుపులో అంబలి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోయింది.

కన్ను బాగానే కుట్టినారు, ఆ మాట సెప్పుకోవాల. మూడో నాడు కట్టు ఇప్పితే నన్ను సూసి, ‘గెడ్డం గీసుకోలేదేటి, ఎలుగ్గొడ్డులాగున్నావు’ అన్నాది. అంటూనే దగ్గు. అయిదో నాటికి దగ్గడానికీ ఓపిక లేదు. దాని మంచం కాడే నిలబడి ఆ కుర్ర డాక్టరు, ‘తిని తినలేదని అబద్ధం చెప్పారు, మేమేం చేస్తాం?’ అనీసినాడు. ఇన్నాది. ఆయన ఎల్లిపోయేక నన్నడిగింది, ‘ఏటయ్యా, నాను తిన్నానా?’ అని. ‘తిన్లేదే’ అన్నాను. పొద్దు వాలకముందే పోయింది. కాయితం మీద కూడా ఆ డాక్టరు మాటే రాసినారట. మన ఊరి మేష్టారు సదివి, మడిసి, నా సేతిలో పెట్టీసినాడు. తాగినావా అని ఆ నర్సమ్మ ఒక్క మాట అడిగుంటే. నానైనా సెప్పుంటే. ఎన్నేళ్ళనించో, అనుకుని అనుకుని అరిగిపోయింది ఆ మాట.

ఏదీ, ఆ బాటిల్ ఇలగియ్యి. నానూ ఓ గుక్క తాగుతాను, గొంతెండిపోయింది. ఇయ్యవేటి? గుంటకి కనపడకుండా అటు తిరిగి తాగుతాన్లే.

ఇదేటే, ఇంత తేలిగ్గా ఉంది. సగం కూడా లేదు.

నా మొగం సూడు. ఎప్పుడు పట్టినావు, బస్సులోనా? ఏడవకు. ఈ డేటు కోసం మూణ్ణెల్లు తిరిగినావని నాకు తెల్దేటి. మళ్ళీ తిరుగుదాం, నానూ వత్తాను. నా సెయ్యి వొదులు. వొదలవే. నర్సమ్మా, ఓపాలి ఇలగ రా తల్లీ. మా గుంట ఏటీ తిన్లేదు. తాగింది.